ఎడారి పురుగు వీపులాంటి గోడ నీళ్లు పడుతుందా?

గీతల పుస్తకం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నాను. ఈసారి స్టూడియో ప్రాజెక్టుకి నమీబియాలోని నమీబ్ ఎడారిని తీసుకున్నాను. సముద్రానికి సుమారు 60 కిలోమీటర్లు లోపల, పది మంది పరిశోధకులు ఉండి పని చేసుకునే చిన్న కేంద్రం. అక్కడ ఏడాది మొత్తానికి వాన సగటున 25 మిల్లీమీటర్ల దగ్గరే. కానీ తీరం వెంబడి బెంగ్వేలా అనే చల్లటి సముద్ర ప్రవాహం ఉంది. దాని మీదుగా వచ్చే గాలి చల్లబడి పొగమంచవుతుంది, రాత్రిళ్లు ఎడారి లోపలికి వస్తుంది.

నా డిజైనంతా ఒక పెంకుపురుగు చుట్టూ తిరుగుతోంది. 2001లో ఆండ్రూ పార్కర్, క్రిస్ లారెన్స్ నేచర్ పత్రికలో రాసిన చిన్న పేపర్ చదివాను. ఆ పురుగు వీపు మీద అర మిల్లీమీటరు వెడల్పున్న బుడిపెలు ఉంటాయి. బుడిపె కొన నీటిని పట్టుకుంటుంది. బుడిపెల మధ్య పల్లం మైనం పూసినట్టుండి తామరాకులాగా నీటిని అంటనివ్వదు. పొగమంచు తుంపరలు బుడిపె మీద చేరి చేరి బొట్టవుతాయి, బరువెక్కాక జారి పురుగు నోటికి చేరతాయి.

కేంద్రం పడమటి గోడ మొత్తం ఇలాంటి బుడిపెల పలకలతో కప్పినట్టు గీశాను. గోడ పొడవు 40 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. మా గైడ్ డ్రాయింగ్ చూసి ఒకటే అడిగారు, "ఎన్ని లీటర్లు?" నా దగ్గర జవాబు లేదు. రివ్యూకి మూడు వారాలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ లెక్క ఎలా కట్టాలో తెలిసినవాళ్లు చెబుతారా?

కీటకలోకం | సోమవారం, రాత్రి 10:55

నాకు ఎంతో ఇష్టమైన పురుగు గురించి అడిగారు. లెక్కల సంగతి మిగతావాళ్లు చూస్తారు, నేను పురుగు సంగతి చెబుతాను. ఇందులో ఒక పెద్ద పొరపాటు ఏళ్ల తరబడి నడుస్తోంది, అది మీ డిజైన్‌లోకీ వచ్చింది.

పొగమంచు తాగే పురుగు గురించి మొదట గట్టిగా రాసింది 1976లో, విలియం హామిల్టన్, మేరీ సీలీ. వాళ్లు నమీబ్ ఎడారిలోనే ఉన్న గోబాబెబ్ పరిశోధన కేంద్రం దగ్గర చూసిన పురుగు ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్. మామూలుగా అది పగటి పురుగు. రాత్రి ఇసుకలో వెచ్చగా పడుకుంటుంది. పొగమంచు వచ్చినప్పుడు మాత్రం చలిలో పైకి వచ్చి, మెల్లగా నడుచుకుంటూ ఇసుకతిన్నె శిఖరానికి ఎక్కుతుంది. అక్కడ గాలికి ఎదురుగా నిలబడి తల కిందికి, వెనక భాగం పైకి పెడుతుంది. వీపు మీద చేరిన నీరు నోటిదాకా కారుతుంది. అలా తాగిన పురుగుల బరువు సగటున 12 శాతం, కొన్నింటికి 34 శాతం దాకా పెరిగింది. ఒక్క తెల్లవారుజామున శరీరం బరువులో మూడో వంతు నీళ్లు!

ఇప్పుడు అసలు విషయం. ఈ తలకిందుల పురుగు వీపు మీద మీరు చెప్పిన బుడిపెలు లేవు. దాని వీపు దాదాపు నున్నగా, సన్నటి గాడులతో ఉంటుంది. 2001 పేపర్‌లో బుడిపెలున్న పురుగుకి స్టెనోకారా అని పేరు పెట్టారు. అందులో బొమ్మ ఫైసాస్టెర్నా క్రిబ్రిపెస్ అనే వేరే పురుగుదని, తలకిందులుగా నిలబడి నీళ్లు పట్టేది ఆ పురుగు కాదని తర్వాత హామిల్టన్, సీలీ వాళ్లే రాశారు. 2010లో థామస్ నార్‌గార్డ్, మారీ డాకే నాలుగు రకాల పురుగుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ప్రయోగశాల పొగమంచులో తలకిందులుగా నిలబడింది ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ ఒక్కటే. నున్నటి వీపుకీ బుడిపెల వీపుకీ నీళ్లు పట్టే సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గీతల పుస్తకం | సోమవారం, రాత్రి 11:10

ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదండీ. మా కాన్సెప్ట్ షీట్ మీద ఆ పురుగు బొమ్మే ఉంది. అయితే నేను గీసిందంతా తప్పేనా?

కీటకలోకం | సోమవారం, రాత్రి 11:32

తప్పని అనను. బుడిపెల సూత్రం ప్రయోగశాలలో పని చేస్తుంది. 2006లో ఎంఐటీ వాళ్లు నీటిని పట్టే చుక్కలు, నీటిని తోసే నేల కలిపి కృత్రిమంగా అలాంటి ఉపరితలం చేశారు. 2016లో హార్వర్డ్‌లో జోవానా ఐజెన్‌బర్గ్ బృందం బుడిపె ఆకారాన్ని, కాక్టస్ ముల్లు వాలుని, కీటకాలు తినే కూజా మొక్క జారుడుతనాన్ని కలిపి, బొట్లు త్వరగా పెరిగి త్వరగా జారిపోయే ఉపరితలం చేసింది. ఇవన్నీ మంచి పనులే. నేననేది ఒక్కటే, ఎడారిలో ఆ పురుగుని బతికిస్తున్నది వీపు మీది నకాషీ ఒక్కటే అనుకోవద్దు. అది ఎప్పుడు లేస్తుంది, ఎక్కడికి ఎక్కుతుంది, ఎటు తిరిగి నిలబడుతుంది, ఎంత వంగుతుంది అన్నవాటిని మనం వదిలేసి వీపునొక్కదాన్నే ఫొటో తీసుకుంటున్నాం.

ఇంకొక పురుగుని కూడా చూడండి, లెపిడోకోరా. బిళ్లలా చదునుగా ఉంటుంది. దీని వీపుతో అసలు పనే లేదు. పొగమంచు వచ్చే గాలికి అడ్డంగా ఇసుకలో సన్నటి కందకం తవ్వుతుంది. కందకం గట్టు మీద చుట్టూ ఉన్న ఇసుక కంటే ఎక్కువ తేమ చేరుతుంది. పురుగు ఆ గట్టు వెంట నడుస్తూ తడిని పీల్చుకుంటుంది. తన శరీరానికి బయట, ఉన్న మట్టితోనే కట్టుకున్న నీటి కట్టడం అది. ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకి ఇదే ఇంకా దగ్గరి చుట్టం అని నా అభిప్రాయం.

చదువరి7 | మంగళవారం, ఉదయం 7:05

అడగొచ్చో లేదో గానీ, చలికాలం పొద్దున్నే కారు అద్దం మీద, రేకుల మీద నీళ్లు కారుతుంటాయి కదా. ఏ పురుగు వీపూ లేకుండానే అవి పడుతున్నాయి. మామూలు రేకు చాలదా మరి?

వేడిచలి | మంగళవారం, ఉదయం 8:20

తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. తెలుగులో మనం అన్నిటికీ "మంచు" అనే అంటాం. కొండల మీద గడ్డకట్టింది మంచే, ఆకుల మీద బొట్లుగా కనిపించేదీ మంచే, రోడ్డు కనపడనివ్వకుండా కమ్మేదీ మంచే. ఈ చర్చలో మాత్రం రెంటిని విడదీసి మాట్లాడుకుంటే మంచిది. గాలిలో తేలే తుంపరల్ని పొగమంచు అందాం. చల్లటి వస్తువు మీద కొత్తగా పుట్టే బొట్లను తుషారం అందాం.

పొగమంచులో నీరు అప్పటికే నీరుగా ఉంది. ఒక్కో తుంపర మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి అలాంటి సుమారు 40 వంతుల దాకా ఉంటుంది. మన పనల్లా దారిలో అడ్డు పెట్టి పట్టుకోవడమే. తుషారం అలా కాదు, నీరింకా ఆవిరిగానే ఉంది. దాన్ని నీరు చేయాలంటే కిలోకి సుమారు 2,450 కిలోజూళ్ల వేడిని బయటికి పంపాలి. ఫ్రిజ్ లేకుండా ఆ వేడి పోవడానికి ఉన్న దారి రాత్రి ఆకాశం ఒక్కటే. ఆరుబయట పెట్టిన రేకు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి గాలికంటే చల్లబడుతుంది. అలా పోయే వేడికి ఒక హద్దు ఉంది కాబట్టి తుషారానికీ హద్దు ఉంది. ఎంత మంచి ఉపరితలం చేసినా చదరపు మీటరుకి రాత్రికి 0.8 లీటరు దాటించడం కష్టం, మామూలుగా అందులో సగం వచ్చినా గొప్పే. బుడిపెలు పెట్టినా, మైనం పూసినా ఈ హద్దు మారదు. బొట్టు త్వరగా జారి, ఎండ రాకముందే కింది అంచున నీళ్లు పట్టే గట్టర్‌లో పడేలా మాత్రం చేయగలం.

మీ కారు అద్దం మీద పడేది తుషారం. నమీబ్ పురుగు తాగేది పొగమంచు.

పాత ఇంజనీరు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అమ్మా, నేను సివిల్ పనుల్లో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీ డ్రాయింగ్ గురించి ఒక మాట. ఇబ్బంది గోడ మీది బుడిపెల్లో లేదు, అది గోడ కావడంలో ఉంది.

గాలి 40 మీటర్ల గోడకి ఎదురైతే ఏం చేస్తుంది? ముందే పక్కలకీ పైకీ మళ్లిపోతుంది. పొగమంచు తుంపర ఎంత చిన్నదంటే దానికి సొంత ఊపు దాదాపు ఉండదు, గాలితో పాటే అదీ మళ్లిపోతుంది. అందుకే పొగమంచులో నిలబడ్డ పెద్ద భవనం గోడ పొడిగా ఉంటుంది, పక్కనున్న తీగ కంచె మాత్రం బొట్లు కారుతుంటుంది. అడ్డు సన్నగా ఉంటే గాలి చివరి క్షణంలో మళ్లుతుంది, తుంపర అంత త్వరగా తిరగలేక వచ్చి తగులుతుంది. పురుగు చిన్నది కాబట్టి దాని వీపుకి అది చెల్లింది. అదే వీపుని వెయ్యి రెట్లు పెంచి గోడ చేస్తే చెల్లదు. ప్రపంచంలో పొగమంచు పట్టేవాళ్లందరూ వలలే వాడటానికి కారణం ఇదే.

ఇక లెక్క. పొగమంచులో ఘనమీటరుకి 0.1 గ్రాము నీరుందని, గాలి సెకనుకి 4 మీటర్లని అనుకుందాం. ఒక చదరపు మీటరు గుండా గంటకి 14,400 ఘనమీటర్ల గాలి పోతుంది. అందులో నీరు 1,440 గ్రాములు, అంటే లీటరున్నర లోపు. వల అందులో ఐదో వంతు పట్టిందనుకో, గంటకి 0.29 లీటరు. రాత్రికి 6 గంటలు పొగమంచు ఉంటే 1.7 లీటర్లు. ఇవి నేను ఊహించి పెట్టిన అంకెలు. నీ స్థలం కొలతలు దొరికితే అవే పెట్టు.

నీ పది మందికి స్నానాలూ బట్టలూ కలిపి మనిషికి 50 లీటర్లంటే రోజుకి 500. ఐదు రోజులకొకసారే పొగమంచు వస్తుందనుకుంటే సుమారు 1,450 చదరపు మీటర్ల వల కావాలి. అది నీ కేంద్రం కంటే పెద్దది! తాగడానికీ వంటకీ మాత్రమే అనుకుని మనిషికి 7 లీటర్లు పెడితే రోజుకి 70. అప్పుడు 200 చదరపు మీటర్లు చాలు. వరసగా 30 రోజులు పొగమంచు రాకపోయినా తట్టుకోవడానికి 2,100 లీటర్ల ట్యాంకు కావాలి. మీ గైడ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

వలపని | మంగళవారం, రాత్రి 8:45

పాత ఇంజనీరు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను రెండేళ్లు ఒక కొండ మీద పొగమంచు వలల దగ్గర పని చేశాను. కాగితం మీద లేనివి కొన్ని చెబుతాను.

అందరూ ముందుగా చెప్పుకునే ఊరు చిలీలోని చుంగుంగో. ఎల్ టోఫో కొండ మీద వంద దాకా వలలు పెట్టారు, ఒక్కోటి 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు. రోజుకి సగటున 15,000 లీటర్లు వచ్చేవి. భాగించి చూస్తే చదరపు మీటరుకి మూడు లీటర్లు చిల్లర. సుమారు 330 మంది ఉన్న ఊరికి కొళాయిల్లో నీళ్లొచ్చాయి. అంత మంచి పథకం 2002 నాటికి మూతపడింది. వలలు చిరిగితే కుట్టేవాళ్లు, గట్టర్లు తుడిచేవాళ్లు తగ్గిపోయారు. ఊరు పెరిగింది, జనానికి పైపు నీళ్లు కావాలనిపించింది. చివరికి మళ్లీ ట్యాంకర్ వచ్చింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మేం పని చేసిన చోట మొదటి ఏడాదే పెద్ద గాలికి నాలుగు వలలు పోయాయి. తాళ్లు తెగలేదు, వల అంచు కుట్టు దగ్గర చిరిగింది. కుట్టు బలం చూడకుండా స్తంభాల బలమే చూసుకోవడం మా తప్పు. మొరాకోలో బూత్‌మెజ్‌గిదా కొండ మీద దార్ సి హ్మద్ సంస్థ కూడా మొదట మామూలు వలలు పెట్టి, గాలి దెబ్బకి ఇబ్బంది పడి, తర్వాత జర్మనీ వాళ్ల క్లౌడ్‌ఫిషర్ వలలకి మారింది. అందులో వలని రబ్బరు సాగే కట్లతో బిగిస్తారు. గాలి పెరిగితే వల కాస్త లొంగుతుంది, తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది.

ఇంకొకటి. వలలో అడ్డ దారాలుంటే వాటి మీద బొట్లు ఆగిపోయి కన్నాలు మూసుకుంటాయి. కన్నం మూసుకుంటే అది మళ్లీ గోడే, గాలి పక్కకి పోతుంది. 2018లో వర్జీనియా టెక్ వాళ్లు అడ్డ దారాలు తీసేసి నిలువు తీగలే పెట్టి చూశారు. వీణ తీగల్లా ఉంటుంది. ప్రయోగంలో మామూలు వల కంటే మూడు రెట్లు నీరొచ్చింది. బొట్టుకి దారి ఇవ్వడం ఎంత ముఖ్యమో అక్కడ తెలుస్తుంది.

చదువరి7 | మంగళవారం, రాత్రి 9:30

చెదపుట్టని చూసి ఆఫ్రికాలో ఒక పెద్ద భవనం కట్టారని చదివాను. అదీ నీళ్ల కోసమేనా?

కీటకలోకం | మంగళవారం, రాత్రి 10:00

హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ అయివుంటుంది. మిక్ పియర్స్ డిజైన్, 1996లో పూర్తయింది. అది గాలి ఆడటానికి, చల్లదనానికి, నీళ్లకి కాదు. అయితే దాని కథ ఇక్కడ పనికొస్తుంది. చెదపుట్ట లోపల వేడిగాలి పైకి పోయి చల్లగాలి కింద నుంచి వస్తుందని అప్పట్లో అనుకున్నారు. తర్వాత స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ పుట్టల్ని లోతుగా చూసి, అవి అలా పని చేయవని చెప్పారు. పుట్ట గురించి అనుకున్నది తప్పయినా భవనం బాగానే నడుస్తోంది. ఎందుకంటే కట్టినవాళ్లు గాలి, వేడి లెక్కలు సరిగ్గా వేసుకున్నారు.

పూతల పని | బుధవారం, ఉదయం 6:50

నేను పూతల పరిశ్రమలో ఉన్నాను. కీటకలోకం గారితో ఒక దగ్గర విభేదిస్తాను. ఉపరితలాన్ని మరీ పక్కన పెట్టేయకండి. 2013లో ఎంఐటీ బృందం వల దారాన్ని సన్నం చేసి, కన్నాల కొలత సరిచేసి, దాని మీద సరైన పూత వేస్తే మామూలు వల కంటే ఐదు రెట్ల దాకా నీరు పట్టవచ్చని చూపించింది. పూత లేకపోతే తగిలిన బొట్టు దారానికే అంటుకుని గాలికి మళ్లీ ఎగిరిపోతుంది.

అయినా గోడంతా బుడిపెల పూత అంటే మాత్రం నాకూ భయమే. నీటిని తోసే గుణం చాలా నాజూకైనది. ఎండ, ఉప్పుగాలి, ఇసుక రాపిడి కలిస్తే అది త్వరగా పోతుంది. దుమ్ము పేరుకుంటే బుడిపె, పల్లం రెండూ ఒకటే అయిపోతాయి. పురుగు తన మైనాన్ని తానే స్రవించుకుంటుంది, గోడ ఆ పని చేసుకోలేదు. పైగా నీటిని బాగా తోసే పూతల్లో చాలా వాటిలో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. అవి ప్రకృతిలో విరగకుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అలాంటి పూత మీదుగా కారిన నీళ్లు తాగమని నేను ఎవరికీ చెప్పను. మీరు ఏ పదార్థం రాసినా, తాగునీటికి తగినదేనా అన్న ప్రశ్న పక్కనే రాయండి.

కీటకలోకం | బుధవారం, ఉదయం 8:15

ఒప్పుకుంటున్నాను. పొరపాటు ప్రచారం మీద కోపంతో నేను కొంచెం అటువైపు ఒరిగాను. వల దారం మీద పూత వేరు, గోడ మీద బుడిపెలు వేరు. మొదటిది నిజంగా అక్కరకొస్తుంది.

గీతల పుస్తకం | బుధవారం, రాత్రి 11:20

రెండు రోజులుగా ఇదంతా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. అందరికీ మనసారా కృతజ్ఞతలు. ఇంతకు ముందు ఎవరైనా ఇలాంటి భవనం కట్టారా అని వెతికాను. నమీబియా విశ్వవిద్యాలయం కోసం మాథ్యూ పార్క్స్ గీసిన జల కేంద్రంలో సముద్రం వైపు ఎత్తైన నైలాన్ వలలున్నాయి. కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్ కోసం గ్రిమ్‌షా సంస్థ గీసిన నీటి రంగస్థలం ఉంది. రెండూ కాగితం మీదే ఆగిపోయాయి. కట్టినవాటిలో ఇథియోపియాలో ఆర్తూరో వీత్తోరి వెదురుతో నిలబెట్టిన వార్కా వాటర్ గోపురం బాగా నచ్చింది. సుమారు పది మీటర్ల ఎత్తు, లోపల వల. ఊరివాళ్లే చేతులతో కట్టి, విప్పి, బాగు చేసుకోగలరు. వలపని గారు చుంగుంగో గురించి చెప్పింది చదివాక అదే ముఖ్యమనిపించింది.

ఇప్పుడు నా సందేహం వేరు. వలలు బయట నిలబడితే భవనం ఏం చేయాలి? భవనానికి ఈ నీళ్లతో సంబంధమే లేకుండా పోతోందని దిగులుగా ఉంది.

వేడిచలి | గురువారం, ఉదయం 7:40

దిగులు వద్దు. భవనానికి పైకప్పు ఉంది. గాలిలో తేమ ఉండి ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పైకప్పు తుషారం పడుతుంది. పొగమంచు కమ్మిన రాత్రి పైకప్పు సరిగ్గా చల్లబడలేదు, ఎందుకంటే ఆ కమ్ముకున్న పొరే వేడిని కిందికి తిప్పి పంపుతుంది. ఆ రాత్రి వల పని చేస్తుంది. అంటే ఒకటి తగ్గిన రాత్రి రెండోది అందుకునే అవకాశం ఉంది.

ఇక్కడ మీకు ఇంకో ఎడారి కీటకం సాయపడుతుంది. సహారా వెండి చీమ. మిట్టమధ్యాహ్నం మిగతా జీవులు దాక్కున్న వేళ అది బయట తిరుగుతుంది. 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే, దాని వెంట్రుకలు అడ్డుకోతలో త్రికోణంగా ఉన్నాయి. అవి ఎండని అద్దంలా వెనక్కి కొడతాయి, అదే సమయంలో శరీరపు వేడిని బయటికి బాగా వెదజల్లుతాయి. చీమకి కావలసింది చల్లదనం. మనకి కావలసింది ఆ చల్లదనం వల్ల పుట్టే నీరు. పైకప్పు రేకు మీద తెల్లటి, వేడిని బాగా వెదజల్లే పూత, రేకు కింద వేడి ఎక్కనివ్వని పొర, సుమారు 30 డిగ్రీల వాలు పెట్టండి. వాలు తక్కువైతే బొట్టు జారదు, మరీ నిలువైతే రేకుకి ఆకాశం తక్కువగా కనిపిస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద చదరపు మీటరుకి పావు లీటరు పడితే 25 లీటర్లు. మీ పది మందికి రోజు వాటాలో మూడో వంతు పైనే.

రేకు పలుచగా ఉండాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. దీని వెనక ఒక పాత కథ ఉంది. క్రిమియాలోని ఫెయోడోసియా దగ్గర ఫ్రీడ్రిక్ జిబోల్డ్ పాత రాళ్ల కుప్పల్ని చూసి, అవి పూర్వీకులు గాలిలోంచి నీళ్లు పట్టిన కట్టడాలనుకున్నాడు. 1912లో తానూ పెద్ద రాళ్ల కుప్ప కట్టాడు. రోజుకి 360 లీటర్ల దాకా వచ్చిందని రాశారు. 1915 నాటికి అడుగు కారిపోయి ఆగిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే ఆ పాత కుప్పలు సమాధులు! అతన్ని చూసి ఫ్రాన్స్‌లో ఆషీల్ క్నాపెన్ 1930 దశకం మొదట్లో ట్రాన్స్ ఆన్ ప్రోవాన్స్‌లో మూడు మీటర్ల మందం గోడలతో గాలి బావి కట్టాడు. దానికి రాత్రికి కొన్ని లీటర్లు కూడా కష్టమైంది. అంత బరువున్న రాయి పగటి వేడిని దాచుకుంటుంది, రాత్రంతా ఆకాశం వైపు చూసినా చల్లబడదు.

పాత ఇంజనీరు | గురువారం, సాయంత్రం 5:30

చాలా మంచి విషయాలు చెప్పారు, నాకూ కొత్తవి తెలిశాయి. అమ్మా, పురుగు శిఖరం ఎక్కుతుందని నువ్వు వలల్ని ఇసుకతిన్నె మీద పెట్టబోతావేమో, పెట్టకు. తిన్నె కదులుతుంది, పునాది నిలవదు. గోబాబెబ్ ఉన్న ప్రాంతంలో కూయిసెబ్ నదికి ఒకవైపు తిన్నెలు, రెండో వైపు గులకరాళ్ల మైదానం ఉన్నాయి. గట్టి నేల వైపు ఎత్తైన చోటు చూసుకో.

సెకనుకి 30 మీటర్ల గాలి వస్తే చదరపు మీటరు మీద సుమారు 540 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. 40 చదరపు మీటర్ల వల పూర్తిగా మూసుకున్నట్టు లెక్క వేస్తే రెండు టన్నుల పైన. కన్నాల వల్ల కొంత తగ్గుతుంది గానీ తడిసిన వలకి, దుమ్ము పట్టిన వలకి ఎక్కువే పెట్టుకో.

గీతల పుస్తకం | శనివారం, రాత్రి 8:10

మార్చిన డ్రాయింగ్ గురించి రాస్తున్నాను. బుడిపెల గోడ తీసేశాను. గీత కొట్టేటప్పుడు బాధేసింది గానీ ఇప్పుడు తేలికగా ఉంది.

గులకరాళ్ల మైదానంలో చిన్న ఎత్తు మీద ఐదు వలలు, ఒక్కోటి 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు, అడుగు అంచు నేల నుంచి 2 మీటర్లు పైన. అన్నీ పొగమంచు గాలికి అడ్డంగా ఒకే వరసలో, మధ్య మధ్య ఖాళీలతో ఉన్నాయి. తీగలు నిలువుగా ఉంటాయి. భవనం వాటికి దిగువన ఉంది, కాబట్టి నీళ్లు పంపు లేకుండా వాటంతటవే ట్యాంకులోకి వస్తాయి. పైకప్పు పలుచటి రేకు, 30 డిగ్రీల వాలు. వలలు కుట్టుకోవడానికి, తీగలు మార్చుకోవడానికి నీడలో పొడవాటి వరండా పెట్టాను. పది మందిలో ఎవరైనా ఆ పని చేయగలిగేలా వల ఒక్కో ముక్క ఇద్దరు మోయగలిగినంతే ఉంటుంది.

ఐదు వలల కిందా కలిపి ఒకే గట్టర్, మొత్తం 54 మీటర్లు. కాన్సెప్ట్ షీట్ మీద పురుగు బొమ్మ ఉంచాను, కానీ ఇప్పుడు ఒనిమాక్రిస్ పక్క నుంచి కనిపిస్తుంది, తల కిందికి పెట్టి, తిన్నె అంచున.

కీటకలోకం | శనివారం, రాత్రి 8:40

ఆ బొమ్మ చూడాలని ఉంది. వాలు వేసేటప్పుడు 2010 పేపర్‌లో పురుగు సగటు వంపు 23 డిగ్రీలని గుర్తుంచుకోండి. 45 డిగ్రీలు వేస్తే మళ్లీ తప్పు ప్రచారమవుతుంది.

పాత ఇంజనీరు | శనివారం, రాత్రి 9:25

చాలా బాగా వచ్చిందమ్మా. ఒక్కటి మార్చు. 54 మీటర్లకి ఒకే గట్టర్ వద్దు. నూటికి ఒకటి వాలు పెడితే చివరికి 54 సెంటీమీటర్లు దిగాలి, అంచుకీ గట్టర్‌కీ సందు పెరిగి గాలికి బొట్లు బయట పడతాయి. పైగా పల్చటి నీటి ధార అంత దూరం పోయేలోపు గట్టర్ తడవడానికే సగం అయిపోతుంది, ఎండ వస్తే మిగతాదీ ఆరిపోతుంది. ఒక్కో వలకి విడిగా 10 మీటర్ల గట్టర్, దానికి సొంత పైపు పెట్టు. ఒక వల చెడితే మిగతా నాలుగు ఆగవు.

వలపని | శనివారం, రాత్రి 9:50

అదే పైపుల్లో మొదటి నీళ్లు పక్కకి పోయే ఏర్పాటు కూడా పెట్టండి. చాలా రోజుల తర్వాత పొగమంచు వస్తే మొదట కారేది దుమ్ము, ఉప్పు, పిట్టల రెట్ట కలిసిన నీళ్లు. మా దగ్గర ఒక చిన్న మూత గొట్టం ఉండేది. అది నిండాకే నీళ్లు ట్యాంకు వైపు మళ్లేవి. వారానికొకసారి మూత తీసి ఖాళీ చేసేవాళ్లం.

గీతల పుస్తకం | శనివారం, రాత్రి 10:15

ఐదు గట్టర్లు, ఐదు పైపులు, ఐదు మూత గొట్టాలు. రేపు పొద్దున్నే సెక్షన్ మళ్లీ గీస్తాను. ఆ గొట్టంలో పోయిన మురికి నీళ్లు ల్యాబ్ పనిముట్లు కడగడానికి పనికొస్తాయేమో చూస్తాను. అవెన్ని లీటర్లో కూడా లెక్క కట్టి ఇక్కడే పెడతాను.